ది గ్రేటెస్ట్ షోమ్యాన్: రివ్యూల్లో ఫెయిల్.. థియేటర్లలో లాంగ్ రన్! విమర్శకులు ఒక సినిమా చూస్తే, ఫ్యామిలీలు ఇంకో సినిమా చూశాయా?

తొలి వారం కలెక్షన్లు చూసి ట్రేడ్ వర్గాలు పెదవి విరిచాయి.. రివ్యూలు చూస్తే అంతకంటే డల్‌గా ఉన్నాయి.. సీన్ కట్ చేస్తే, ఏడాది తిరిగేసరికి ఆ సినిమా పాటల ఆల్బమ్ ప్రపంచంలోనే నంబర్ వన్. హాలీవుడ్ ఫ్యామిలీ మ్యూజికల్ 'ది గ్రేటెస్ట్ షోమ్యాన్' కథ ఇది. విమర్శకుల తీర్పుకూ ప్రేక్షకుల తీర్పుకూ మధ్య ఎంత దూరం ఉండొచ్చో చెప్పాలంటే ఇప్పటికీ చాలామంది ఈ సినిమా పేరే ఎత్తుతారు. ఇంతకీ అప్పుడు ఏం జరిగింది? రివ్యూ రాసినవాళ్లు తప్పారా, లేక టికెట్ కొన్నవాళ్లు ఏదైనా పట్టించుకోలేదా? వివరాల్లోకి వెళ్దాం.

2017 డిసెంబర్ 20న అమెరికాలో ఈ సినిమా విడుదలైంది. హ్యూ జాక్‌మన్ హీరో. దర్శకుడు మైఖేల్ గ్రేసీకి ఇదే మొదటి సినిమా. బడ్జెట్ దాదాపు 8 కోట్ల 40 లక్షల డాలర్లు. అప్పటికే థియేటర్లలో 'స్టార్ వార్స్: ది లాస్ట్ జెడై' దూసుకుపోతోంది. సరిగ్గా అదే రోజు 'జుమాంజీ: వెల్‌కమ్ టు ది జంగిల్' కూడా దిగింది. రెండు రోజులకు 'పిచ్ పర్ఫెక్ట్ 3' వచ్చింది. ఇంత పోటీలో శుక్ర, శని, ఆదివారాలు కలిపి షోమ్యాన్‌కు వచ్చింది 88 లక్షల డాలర్లే. నాలుగో స్థానం. మన భాషలో చెప్పాలంటే ఓపెనింగ్స్ లేవు. అంత బడ్జెట్ పెట్టిన సినిమాకు ఇలాంటి ఆరంభం వస్తే సాధారణంగా మూడో వారానికి థియేటర్లు ఖాళీ చేయించేస్తారు.

కానీ రెండో వీకెండ్ లెక్క వచ్చాక అందరూ మళ్లీ ఒకసారి చూసుకున్నారు. 1 కోటి 55 లక్షల డాలర్లు! అంటే తగ్గాల్సింది పోయి 76 శాతం పెరిగింది. సాధారణంగా పెద్ద సినిమా ఏదైనా రెండో వారానికి సగానికి సగం పడిపోతుంది. ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ ఏడాది డిసెంబర్ 24 ఆదివారం పడింది. క్రిస్మస్ ముందు రోజు జనం ఇళ్లలోనే ఉంటారు కాబట్టి మొదటి వీకెండ్ మామూలు కంటే తగ్గింది, ఆ తర్వాత సెలవులు కలిసొచ్చాయి. జుమాంజీ కలెక్షన్లు కూడా ఆ వారం పెరిగాయి, అయితే ఈ స్థాయిలో కాదు. అసలు విషయం సెలవులు అయిపోయాక బయటపడింది. జనవరిలో స్కూళ్లు తెరిచాక కూడా వీకెండ్ కలెక్షన్ కోటి డాలర్లకు పైనే నిలబడింది. వారం వారం కొద్దికొద్దిగా తగ్గిందే తప్ప కుప్పకూలలేదు. చివరికి ఒక్క ఉత్తర అమెరికాలోనే 17 కోట్ల 40 లక్షల డాలర్లు, ప్రపంచవ్యాప్తంగా 43 కోట్ల డాలర్ల పైచిలుకు. తొలి వీకెండ్‌కు దాదాపు 20 రెట్లు సొంతగడ్డ మీదే రాబట్టిందన్నమాట. ఈ రోజుల్లో ఇలాంటి రన్ చాలా అరుదు.

కథేంటంటే..

19వ శతాబ్దపు అమెరికన్ ప్రదర్శనకారుడు పి.టి. బార్నమ్ జీవితం ఆధారంగా తీశారు. దర్జీ కొడుకు, పెద్దింటి అమ్మాయిని ప్రేమించి పెళ్లి చేసుకుంటాడు, ఉద్యోగం పోతుంది. అప్పు చేసి ఒక మ్యూజియం కొంటాడు. మ్యూజియంలో అన్నీ చచ్చిన బొమ్మలే ఉన్నాయి, ప్రాణమున్నది ఏదైనా పెట్టమని కూతుళ్లు చెప్తారు. దాంతో గడ్డం ఉన్న మహిళ, చాలా పొట్టిగా ఉన్న యువకుడు, అతుక్కుపుట్టిన కవలలు.. ఇలా లోకం ఎగతాళి చేసిన మనుషులను స్టేజ్ ఎక్కిస్తాడు. డబ్బు వస్తుంది, పేరు వస్తుంది, తల తిరుగుతుంది, ఇల్లు మరిచిపోతాడు, చివరికి మళ్లీ ఇంటికొస్తాడు. గంటా 45 నిమిషాల సినిమా. పిల్లలతో కూర్చుని చూడటానికి ఇబ్బంది పెట్టే సీన్లు పెద్దగా లేవు.

విమర్శకులకు ఎందుకు నచ్చలేదు?

రాటెన్ టొమాటోస్‌లో ఈ సినిమా స్కోరు 57 శాతం దగ్గర ఆగింది. మెటాక్రిటిక్‌లో 100కు 48. ఈ రెండు నంబర్లనూ మనవాళ్లు చాలామంది ఒకేలా చదువుతారు, కానీ రెండూ వేరు. రాటెన్ టొమాటోస్ శాతం అంటే మార్కులు కాదు. వంద మంది విమర్శకుల్లో ఎంతమంది సినిమా పర్వాలేదు లేదా బాగుంది అన్నారో ఆ లెక్క. అందరూ బొటాబొటిగా పాస్ మార్కులు వేసినా అక్కడ 100 శాతం వచ్చేస్తుంది. మెటాక్రిటిక్ మాత్రం ఒక్కో రివ్యూకు మార్కులిచ్చి సగటు తీస్తుంది. మన దగ్గర 5కు 2.75 అని వేసే రేటింగ్‌కు దగ్గరగా ఉండేది ఇదే. రెండో నంబర్ ప్రకారం చూస్తే షోమ్యాన్ ఫట్టు కాదు, హిట్టూ కాదు, మధ్యలో ఎక్కడో.

రివ్యూల్లో ఎక్కువగా వినిపించిన ఫిర్యాదులు రెండు. ఒకటి, 1800ల నాటి కథకు ఇవాళ్టి రేడియో పాప్ పాటలు పెట్టారని, కథ మాత్రం పలచగా ఉందని. రెండోది కాస్త బరువైనది. బార్నమ్ నిజ జీవితానికి సున్నం కొట్టి తెల్లగా చూపించారని. పాటల చిత్రీకరణ, జాక్‌మన్ ఊపు బాగున్నాయని మెచ్చుకున్నవాళ్లు కూడా ఈ రెండో మాట దగ్గరకొచ్చేసరికి ఆగారు. దీని సంగతి కింద వివరంగా చూద్దాం.

ప్రేక్షకులు వేసిన మార్కులు

అమెరికాలో సినిమాస్కోర్ అనే సంస్థ ఉంది. విడుదల రోజు రాత్రి థియేటర్ల దగ్గర నిలబడి, సినిమా చూసి బయటకొచ్చినవాళ్ల చేతికి కార్డు ఇచ్చి గ్రేడ్ వేయమంటుంది. ఎ ప్లస్ నుంచి ఎఫ్ దాకా ఉంటుంది. షోమ్యాన్‌కు 'ఎ' వచ్చింది. అంటే ఓపెనింగ్స్ లేని ఆ మొదటి రోజే, వచ్చిన కొద్దిమందికి సినిమా బాగా నచ్చింది. వాళ్లే వెళ్లి ఇంకో నలుగురికి చెప్పారు. మౌత్ టాక్ అని మనం అనేది దీన్నే.

అయితే సినిమాస్కోర్‌ను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. మొదటి రోజు టికెట్ కొనుక్కుని వచ్చేవాడు అప్పటికే ఆ సినిమా మీద ఇష్టంతో వస్తాడు కాబట్టి గ్రేడ్లు కొంచెం ఉదారంగానే ఉంటాయి. అదే డిసెంబర్‌లో స్టార్ వార్స్‌కు దీనికి పూర్తి రివర్స్ జరిగింది. విమర్శకులు 90 శాతానికి పైగా మెచ్చుకున్నారు, సినిమాస్కోర్ కూడా 'ఎ'నే, కానీ రాటెన్ టొమాటోస్ ఆడియన్స్ స్కోరు మాత్రం సగం కూడా దాటలేదు. అప్పట్లో అక్కడ ఎవరైనా, సినిమా చూసినా చూడకపోయినా, రేటింగ్ వేయొచ్చు. 2019లో ఆ సైట్ పద్ధతి మార్చి, టికెట్ కొన్నట్టు తేలినవాళ్ల రేటింగ్‌లను వేరుగా చూపించడం మొదలుపెట్టింది. కాబట్టి 'ఆడియన్స్ రేటింగ్' అని ఎవరైనా స్క్రీన్‌షాట్ పంపితే, అది ఏ ఆడియన్సో ముందు అడగాలి. షోమ్యాన్ విషయంలో మాత్రం గొడవే లేదు. కార్డు మీదా, ఆన్‌లైన్‌లోనూ, టికెట్ కౌంటర్‌లోనూ జనం మాట ఒక్కటే.

గేమ్ ఛేంజర్ పాటలే!

పాటలు రాసి, ట్యూన్ కట్టింది బెంజ్ పాసెక్, జస్టిన్ పాల్ జోడీ. 'లా లా ల్యాండ్'లో పాటకు ఆస్కార్ అందుకున్న గీత రచయితలు వీళ్లే. 'దిస్ ఈజ్ మి' పాటకు 2018 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆస్కార్‌కూ నామినేట్ అయింది గానీ 'కోకో' సినిమాలోని 'రిమెంబర్ మి' గెలిచింది.

ఇక్కడ మొబైల్‌లో వీడియోలు చూసేవారికి బాగా తెలిసిన ఒక సంగతి ఉంది. సినిమా షూటింగ్ మొదలవకముందు, స్టూడియో పెద్దలను ఒప్పించడానికి ఒక గదిలో నటీనటులంతా నిలబడి పాటలు పాడి వినిపించారు. అప్పుడే జాక్‌మన్ ముక్కు మీద చర్మ క్యాన్సర్ గాటు తీయించుకుని వచ్చాడు. కుట్లు పచ్చిగా ఉన్నాయి, పాడొద్దని డాక్టర్ చెప్పారు. ఆయన బదులు వేరే గాయకుడు పాడేలా ఏర్పాటు చేశారు. కానీ చివరి పాట 'ఫ్రమ్ నౌ ఆన్' దగ్గరకొచ్చేసరికి ఆగలేక తనే అందుకున్నాడు. అదే రిహార్సల్‌లో కియాలా సెటిల్ 'దిస్ ఈజ్ మి' పాడుతూ, స్టాండ్ వెనకాల నిలబడిన మనిషి మెల్లగా ముందుకొచ్చేసింది. భయంతో మొదలుపెట్టి గొంతు విప్పేసిన ఆ నిమిషాలు సినిమా విడుదలయ్యాక వీడియోలుగా బయటకొచ్చాయి. మేకప్ లేదు, సెట్ లేదు, గ్రాఫిక్స్ లేవు. సినిమాలో వచ్చిన పాటకన్నా ఆ రిహార్సల్ వీడియోనే ఎక్కువ కదిలించిందని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. చూసి చెప్పండి, మాకూ అలాగే అనిపించింది.

ఆల్బమ్ సంగతి ఇంకో లెవెల్. 2018 జనవరిలో అమెరికా బిల్‌బోర్డ్ చార్ట్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. బ్రిటన్‌లో అయితే మొత్తం 28 వారాలు నంబర్ వన్, అందులో 11 వారాలు వరుసగా! అంతర్జాతీయ రికార్డింగ్ పరిశ్రమ సంఘం లెక్క ప్రకారం 2018లో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్ ఇదే, 35 లక్షల కాపీలు. ఆ జనవరిలోనే తెర మీద పాటల సాహిత్యం వేస్తూ, ప్రేక్షకులు కూడా గొంతు కలిపేలా ప్రత్యేక షోలు వేశారు. పిల్లలు వారాల తరబడి కారులో పాడిన పాటలను థియేటర్‌లో అందరితో కలిసి అరిచి పాడుకోవడానికి మళ్లీ వచ్చారు. మన దగ్గర రీ రిలీజ్ షోలలో స్క్రీన్ ముందు జరిగే హడావిడి తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

రివ్యూ రాసే మనిషి సినిమాను ఒక్కసారి చూస్తాడు. ఈ సినిమా బలమంతా రెండోసారి, మూడోసారిలో ఉంది. తెలిసిన పాట వస్తోందని ఎదురుచూడటంలో ఉన్న సంబరం మొదటి షోలో దొరకదు. మనకు 'శంకరాభరణం' గుర్తుండే ఉంటుంది. 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదట్లో థియేటర్లు పలచగా ఉన్నాయి. పాటలు జనంలోకి వెళ్లాక పరిస్థితి మారిపోయింది. రెండు సినిమాలకూ పోలిక అక్కడితో సరి. శంకరాభరణాన్ని విమర్శకులూ నెత్తిన పెట్టుకున్నారు, జాతీయ అవార్డులూ వచ్చాయి.

అసలు బార్నమ్ ఎవరు?

ఇప్పుడు ఆ బరువైన ఫిర్యాదు దగ్గరకు వద్దాం. పిల్లలకు ఈ సినిమా చూపించే తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

బార్నమ్ 1810లో కనెక్టికట్‌లోని బెతెల్‌లో పుట్టాడు. 1835లో ఆయన మొదలుపెట్టిన మొదటి ప్రదర్శన పేరు జాయిస్ హెత్. ఆమె ఒక నల్లజాతి వృద్ధురాలు, బానిస. చూపు పోయింది, పక్షవాతంతో కదల్లేని స్థితి. ఆమెను ప్రదర్శించే హక్కును బార్నమ్ డబ్బిచ్చి కొన్నాడు. ఈమె వయసు 161 ఏళ్లు, జార్జ్ వాషింగ్టన్‌ను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన ఆయా ఈమేనని ప్రచారం చేసి ఊరూరా తిప్పాడు. 1836 ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది. అక్కడితో ఆగలేదు. ఆమె శవానికి న్యూయార్క్‌లో జనం ముందు పోస్ట్‌మార్టం చేయించి, దానికీ టికెట్ పెట్టాడు. మనిషికి 50 సెంట్లు. దాదాపు 1,500 మంది వచ్చారు. కోసి చూసిన డాక్టర్ ఆమె వయసు 80 దాటి ఉండదని తేల్చాడు.

సినిమాలో జాయిస్ హెత్ పేరే రాదు. విమర్శకులు అడిగింది ఇదే. ఆయన గురించి తీసిన సినిమాలో ఆయన మొదటి 'షో' ఎందుకు లేదు?

మిగతా పాత్రలూ అంతే. సినిమాలో టామ్ థంబ్ 22 ఏళ్ల యువకుడు, తన ఇష్టంతో షోలో చేరతాడు. నిజంగా చార్లెస్ స్ట్రాటన్ అనే ఆ పిల్లాడు బార్నమ్ చేతికి వచ్చేసరికి ఐదేళ్లు కూడా నిండలేదు. 11 ఏళ్లని చెప్పి ప్రచారం చేశారు. తర్వాత ఆ అబ్బాయి విక్టోరియా రాణిని కలిశాడు, బాగా సంపాదించాడు. బార్నమ్ దివాలా తీసినప్పుడు ఆయనకు సాయం కూడా చేశాడు. స్వీడన్ గాయని జెన్నీ లిండ్‌తో 1850లో అమెరికా టూర్ నిజమే, ప్రేమ వ్యవహారం మాత్రం కల్పన. తన సంపాదనలో పెద్ద భాగం దానధర్మాలకు ఇచ్చిన మనిషి ఆమె. జాక్ ఎఫ్రాన్, జెండాయా చేసిన ప్రేమజంట ఇద్దరూ కల్పిత పాత్రలే. బార్నమ్ సర్కస్ వ్యాపారంలోకి దిగేసరికి వయసు 60 దాటింది. సినిమాలో చూస్తే నడి వయసు కూడా ఉన్నట్టు కనిపించడు.

మరి ఆయన పూర్తిగా దుర్మార్గుడేనా అంటే, చరిత్ర అంత సులువుగా తేలదు. 1865లో కనెక్టికట్ చట్టసభ సభ్యుడిగా నల్లజాతి వారికి ఓటు హక్కు ఇవ్వాలని గట్టిగా మాట్లాడాడు. తాను ఒకప్పుడు బానిసలను ఉంచుకున్నానని కూడా ఒప్పుకున్నాడు. ఇంత మలుపులున్న మనిషి కథ సినిమా వాళ్ల చేతిలో ఉంది. వాళ్లు మాత్రం అందులోంచి అన్నీ తీసేసి, ఇల్లు మరిచిన తండ్రి కథ ఒక్కటి ఉంచుకున్నారు. మా లెక్కలో అతిపెద్ద లోపం ఇదే. చరిత్ర మార్చారని కాదు, మార్చి చేసిన మనిషి అసలు మనిషి కన్నా చప్పగా ఉన్నాడని.

సినిమాలోనే ఒక క్రిటిక్!

ఇంకో తమాషా. రివ్యూలు రాకముందే ఈ సినిమా రివ్యూ రైటర్లకు జవాబు రాసి పెట్టుకుంది. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక పెట్టిన జేమ్స్ గోర్డన్ బెన్నెట్ ఇందులో ఒక పాత్ర. షోను చీల్చి చెండాడుతూ రాస్తాడు. ఆయన తిట్టిన మాటలనే బార్నమ్ పబ్లిసిటీకి వాడుకుంటాడు. జనం నవ్వుతున్నారు కదా, ఆ నవ్వు అబద్ధమా అన్నది హీరో వాదన. మ్యూజియం తగలబడ్డాక అదే విమర్శకుడు వచ్చి పక్కన కూర్చుని, నీ షో నాకు నచ్చలేదు గానీ జనానికి నచ్చడం నాకు నచ్చింది అన్న అర్థంలో నాలుగు మంచి మాటలు చెప్తాడు. అంటే సినిమా బాలేదని రాసినవాడు ఆటోమేటిక్‌గా ఆ ముసలి జర్నలిస్టు అయిపోతాడు. తెలివైన ఎత్తే. కాకపోతే జాయిస్ హెత్ పోస్ట్‌మార్టం చూడటానికి వచ్చిన 1,500 మంది కూడా టికెట్ కొన్న జనమే కదా. జనం వచ్చారు కాబట్టి షో మంచిదే అన్న వాదన అక్కడ నిలబడదు.

ప్రేక్షకుల్లో కూడా అందరిదీ ఒకే మాట కాదు. తమ రూపం గురించి ఏళ్ల తరబడి మాటలు పడ్డవాళ్లు 'దిస్ ఈజ్ మి'ని సొంత పాటగా చేసుకున్నారు. స్కూల్ ఫంక్షన్లలో, డ్యాన్స్ పోటీల్లో ఆ పాట మోగుతూనే ఉంది. అదే సమయంలో, పాట వాళ్లది, కథ మాత్రం హీరోది అన్న విమర్శా వచ్చింది. అది నిజమే. గడ్డం ఉన్న లెటీ తప్ప స్టేజ్ మీద కనిపించే మిగతావాళ్లలో చాలామందికి ఇల్లేంటో, వాళ్లెవరో సినిమా చెప్పదు. కవలలకైతే డైలాగులే దాదాపు లేవు.

ఇప్పుడు ఎక్కడుంది?

2018 నవంబర్‌లో పింక్, కెల్లీ క్లార్క్‌సన్ లాంటి స్టార్లు ఇవే పాటలను మళ్లీ పాడిన 'రీఇమాజిన్డ్' ఆల్బమ్ వచ్చింది. 2019లో సినిమా ఆల్బమ్‌కు గ్రామీ దక్కింది. సినిమాలో జెన్నీ లిండ్‌గా రెబెకా ఫెర్గూసన్ కనిపిస్తుంది గానీ, 'నెవర్ ఎనఫ్' పాట గొంతు లోరెన్ ఆల్‌రెడ్‌ది. ఐదేళ్ల తర్వాత 2022లో ఆమె బ్రిటన్ టాలెంట్ షో స్టేజ్ ఎక్కి అదే పాట పాడేదాకా, ఆ గొంతు ఎవరిదో చాలామందికి తెలియదు. ఆ రోజు ఆమెకు గోల్డెన్ బజర్ మోగింది.

ఈ కథను స్టేజ్ మ్యూజికల్‌గా తెస్తున్నట్టు డిస్నీ 2024లో ప్రకటించింది. తొలి ప్రదర్శనకు ఎంచుకున్న చోటు బ్రిటన్‌లోని బ్రిస్టల్. ఆల్బమ్‌ను 28 వారాలు నంబర్ వన్‌గా ఉంచిన దేశం కదా మరి. సినిమాలో లేని జాయిస్ హెత్‌కు ఆ స్టేజ్ మీద చోటిస్తారా అన్నదే ఈసారి విమర్శకులు మొదట చూసే విషయం. ఫ్యామిలీలు మాత్రం ఎప్పటిలాగే మొదటి పాట కోసం ఎదురుచూస్తాయి.